చీకటి బీరువా, నాలుగు డబ్బాలు

మొక్కలు ఎదగలేదండీ ఫాదర్ గారూ, అదే నా ఏడుపు. విభూది బుధవారం నాడు విత్తాను, ఇవాళ పవిత్ర శనివారం. ఆరున్నర వారాలకి జానెడు. అదీ మామూలు మనిషి జాన కాదు. ఇదిగో, ఈ జాలీకి ఆనించి చూపిస్తున్నా చూడండి, ఈ వంకరపోయిన వేళ్ళ జాన.

పాపాలా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా. తిన్నగా పాపంలోకి దూకెయ్యమంటే ఎలాగండీ, దానికీ ఒక దారంటూ ఉండదూ?

పోయినసారి పాపసంకీర్తనం చేసింది పోయిన శనివారమే. ప్రతి శనివారం వస్తాను, అవే రెండు పాపాలు తెస్తాను. మా ఆడపడుచు లొన్జా మీద కోపం ఒకటి, మా ఆయన మీద విసుగు ఇంకొకటి. మీరూ వినీ వినీ విసిగిపోయి ఉంటారు. ఇవాళ కొత్తది తెచ్చాను. కాస్త సర్దుకుని కూర్చోండి.

నేనెవరో తెలీనట్టే ఉండాలి మీరు, ఆ మర్యాద నాకూ తెలుసు. కానీ ఈ ఊళ్ళో ఈ గొంతు ఒక్కటే ఉందాయె. మీ మొదటి సత్ప్రసాదానికి ఉపదేశం చెప్పిన విస్తీనానే. పది ఆజ్ఞలు గడగడా చెప్పేవారు గానీ, ఎనిమిదోది, అబద్ధమాడకూడదన్నది, మాత్రం ఎప్పుడూ మింగేసేవారు. నేను మోకాలి మీద ఒక్కటి వేస్తే గుర్తొచ్చేది.

గొంతు తగ్గించాలా? బయట వరసలో ఎంతమంది? ఏడుగురా. ఫర్లేదండీ, తగ్గిస్తాను. అసలు సంగతి వచ్చినప్పుడు మరీ తగ్గిస్తాను. ఇప్పుడు విన్నా వాళ్ళకి దక్కేదేం లేదు.

ఇంతకీ అవేం మొక్కలంటే, గంజాయి.

అదిగో, కుర్చీ కిర్రుమంది. తొందరపడకండి, అది పాపం కాదు, కనీసం నేరం కాదు. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోమని చట్టమే చెప్పింది కదా. నాలుగంటే నాలుగే. దారినపోయేవాళ్ళకి కనబడకూడదు, పక్కవాళ్ళకి వాసన కొట్టకూడదు. అంతే షరతులు. పోప్ గారు దీని మీద ఏమైనా రాశారేమో నాకు తెలీదు, మీరు చెప్పాలి.

నాకా సరదా ఎందుకుంటుందండీ? డెబ్బై మూడేళ్ళదాన్ని. నాకున్న సరదాలన్నీ కలిపితే ఈస్టరుకి చేసే ఫిగొల్లి మిఠాయి మీద చక్కెర పూత ముందే గీకి తినడం, అదీ నలభై రోజుల తపస్సు కాలం ఆగి.

ఇది మొక్కుబడి కోసం.

పోయిన జూన్లో మా ఆయన నజ్జు రాతి గని అంచున తూలి పడ్డాడు కదా. మీరే వచ్చారు కదా, ప్రాణం పోతుందేమోనని, ఆఖరి నూనె పూయడానికి. మన దీవి నుంచి ఓడ మీద మాల్టా ఆసుపత్రికి తీసుకుపోతుంటే, నన్ను ఓడెక్కనివ్వలేదు, రేవులోనే నిలబెట్టేశారు. ఓడ వెనక నురగ చూస్తూ మరియమాతకి చెప్పాను. అమ్మా, ఆయన్ని నాకు తిరిగివ్వు. నీ ఆగస్టు పండుగ నాటికి నీ పీఠం గుడ్డకి ఆరు మీటర్ల లేసు అంచు వేస్తాను, నా చేత్తో. ఆ మాటే అన్నాను. నా చేత్తో.

ఆమె తిరిగిచ్చేసింది. ముప్ఫై ఒక్క రోజులకే. ఇంటికొచ్చి మొదటి మాటే కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు.

ఆ ఏడు ఆగస్టుకి గడువు చాలదని అమ్మకి చెప్పుకున్నాను, ఈ ఏడు ఆగస్టు పదిహేను అన్నాను. నాలుగు మీటర్లు అల్లేశాను. శిలువలు వేశాను, గోధుమగింజల్లాంటి బుడిపెలు వేశాను, ఒక్కో బుడిపెకి దారం చుట్టిన కర్రకండెలు ఎన్ని తిరగాలో మీకు చెప్పినా అర్థం కాదు. క్రిస్మస్ వెళ్ళాక వేళ్ళు బిగుసుకుపోయాయి. పొద్దున లేస్తే పిడికిలి విప్పడానికి ఇంకో చెయ్యి కావాలి, ఆ ఇంకో చెయ్యీ అలాగే ఉంటుంది. కండె పట్టుకుంటే జారిపోతుంది, పడిపోయిన కండె మంచం కింద దొర్లుతుంది, వంగి తియ్యలేను. ఇంకా రెండు మీటర్లు.

లొన్జా చేస్తానంది. మా ఆడపడుచు చేతులు ఇప్పటికీ పదహారేళ్ళ పిల్ల చేతులు, గిన్నెలు తోమదు కదా మరి. కానీ నేనేమని మొక్కుకున్నాను? మరియమాత లెక్క తెలీనిది కాదు. రెండు మీటర్లు వేరే చేతివని ఆమెకి తెలియకపోతుందా?

డాక్టరు గారు మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే వేళ్ళు అలాగే ఉన్నాయి, కడుపు మాత్రం మండిపోయింది. అప్పుడే జనవరిలో మా పెద్దమ్మ కూతురు సల్వీనా వచ్చింది అటు మాల్టా వైపు నుంచి. చిన్న సీసాలో లేపనం తెచ్చింది. తేనెమైనం, ఆలివ్ నూనె, అందులో ఈ మొక్క ఆకూ పువ్వూ వేసి కాచిందట, వాళ్ళింట్లో పెంచిన మొక్కే. రాసుకున్నాను. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ రెండు వారాలూ కండెలు నా వేళ్ళ మధ్య ఎగిరాయి. మూర పొడుగు లేసు అల్లాను. సీసా అయిపోయింది, వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. ఇంకో సీసా ఇవ్వవే అంటే, వాళ్ళాయన మోకాళ్ళకే చాలట్లేదు, నువ్వే పెంచుకో అక్కా అంది.

పట్నంలో ఈ విత్తులమ్మే కొట్టు ఉంది, వెళ్ళాను. తలకి చేతిరుమాలు కట్టుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని. ఆ కుర్రాడు చూడగానే, రండి విస్తీనా ఆంటీ అన్నాడు. మన మార్సెల్ కొడుకే. నాలుగు విత్తులు అగ్గిపెట్టెలో వేసిచ్చాడు. మంచి జాతి ఆంటీ, కాస్త ఎండ చూపిస్తుండండి చాలు అన్నాడు.

కాస్త అన్నాడా? కాస్తే చూపించాను. అదే కొంప ముంచింది.

ఎక్కడ పెట్టాలండీ మరి? డాబా మీద పెట్టడానికి లేదు. మా ఇంటికి అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు లేచాయి, నేను డాబా మీద దుప్పటి ఆరేస్తే దాని చిరుగులు మూడో అంతస్తు వాళ్ళు లెక్కపెడతారు. కింద పెరడంటే నాలుగు బండలు, అటు లొన్జా కిటికీ. అప్పుడు తట్టింది. నా బీరువా ఉండగా నాకు చింత ఏంటి అని.

నవ్వకండి. ఆ బీరువా సంగతి మీకు తెలుసు. నలభై ఒక్క ఏళ్ళుగా పెద్ద గురువారం నాటి సెపుల్క్రు పీఠానికి, ప్రభువు సమాధి గుర్తుగా అలంకరించే ఆ పీఠానికి, జుల్బియేనా తెల్ల మొలకలు ఇచ్చేది ఎవరు? ఊళ్ళో అందరూ పెంచుతారు, పళ్ళెంలో తడిదూది పరిచి, గింజలు చల్లి, చీకట్లో పెట్టి. కానీ అందరివీ ఎక్కడో ఒకచోట పచ్చబడతాయి. నావి ఎప్పుడైనా పచ్చబడ్డాయా? ముసలమ్మ జుట్టులా తెల్లగా, పొడుగ్గా, పళ్ళెం అంచు దాటి జారేలా వస్తాయి. సత్ప్రసాదం ఉంచిన మందసం ముందు పెడితే కొవ్వొత్తి వెలుగు వాటిలోంచి దూరిపోతుంది. పక్క ఊళ్ళ నుంచి ఏడు గుళ్ళ దర్శనానికి వచ్చేవాళ్ళు ఆగి అడుగుతారు, ఇవి ఎవరివి అని.

రహస్యం ఏమీ లేదు. చీకటి. సందుల్లో పాత మేజోళ్ళు కుక్కుతాను. నీళ్ళు పొయ్యను, చిలకరిస్తాను. అంతే.

టొమాటో గుజ్జు డబ్బాలు నాలుగు తీసుకుని, మట్టి వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో విత్తు పెట్టి, బీరువా కింది అరలో పెట్టాను. పై అరల్లో జుల్బియేనా పళ్ళేలు. తలుపేశాను. శిలువ గుర్తు వేసుకున్నాను.

ఐదో రోజుకి మొలిచాయి. కుర్రాడు చెప్పాడు కదా అని, మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసేవేళ కిటికీ రెక్క సందులో ఒక గంట పెట్టేదాన్ని. మళ్ళీ లోపలికి. పదో రోజు తలుపు తీసి చూద్దును కదా, ఆకు పచ్చగా తిరుగుతోంది.

పచ్చన అంటే నాకు పరువు పోవడమే కదండీ. నలభై ఒక్క ఏళ్ళలో నా బీరువాలో పచ్చన చూడలేదు. ఆ గంట కాస్తా అరగంట చేశాను. బీరువా వెనక చెక్కకి చీమంత కన్నం ఉంటే దానికీ మైనం పెట్టాను.

తర్వాత ఇంకేముంది. పసుప్పచ్చగా తిరిగాయి. ఒక కాడ, నాలుగు ఆకులు, ఆ ఆకులూ పిల్లిపిల్ల చెవులంత. నిలబడవు, వాలిపోతాయి. నిలబెట్టడానికి లేసు కండెలు గుచ్చాను, ఇక వాటితో నాకు వేరే పని లేదు కదా అని.

మా ఆయనకి చెప్పాల్సొచ్చింది. నజ్జు బీరువాలో తల దూర్చి, పావుగంట చూసి, తల బయటికి తీసి, డబ్బాకి కన్నం లేదు అన్నాడు. నిజమే, లేదు. సుత్తీ మేకూ తెచ్చి నాలుగు డబ్బాలకీ పొడిచాడు. రాళ్ళు కొట్టిన చెయ్యి, కన్నం అంటే ఎంతని? డబ్బా అడుగు సగం ఊడింది. మట్టి, వేరు, అన్నీ నేలమీద. ఏరుకుని పెద్ద డబ్బాల్లోకి మార్చాను. వేర్లు నొక్కుకుపోయినట్టున్నాయి, ఇక చూడు ఎలా దూకుతాయో అన్నాడు. ఎక్కడికి దూకాయి? ఉన్న ఆకుల్లో ఒకటి రాలింది.

సల్వీనాకి ఫోన్ చేశాను. అది పెద్ద పండితురాలిలా, అక్కా, నీళ్ళు ఎక్కడివి అంది. ఇంటి కింద బావివి అన్నాను. అదిగో, సున్నపురాతి నీళ్ళు, మొక్కకి తిండి అందదు, కాస్త పులుపు కలుపు అంది. ఎంతని అడిగితే, చుక్క అంది. చుక్కలు కొలిచే చేతులా ఇవి? సీసా వంచితే వంచినంత పడింది. ద్రాక్ష సిర్కా. బీరువా అంతా ఊరగాయ వాసన. పై అరలో జుల్బియేనా పళ్ళేలు రెండు పాడయ్యాయి.

అది చాలదని తిండి పెట్టాలన్నారు ఇంకెవరో. మా కుందేళ్ళ గూట్లోంచి తాజా పెంట తెచ్చి రెండేసి గుప్పిళ్ళు వేశాను. మర్నాటికి ఆకుల చివర్లు కాలినట్టు ముడుచుకున్నాయి. ఆ పెంట తీసేసి వారం పస్తుంచాను. తపస్సు కాలం కదా, వాటికీ పుణ్యం.

లొన్జా కనిపెట్టేసింది. నాకు తెలిసీ దానికి ముక్కు రెండు చోట్ల ఉంటుంది, ముఖం మీద ఒకటి, మా తలుపు సందులో ఒకటి. ఏంటొదినా సిర్కా వాసన అని వచ్చింది. డబ్బాలు చూసింది. టొమాటో నారు అన్నాను. అది మొదటి అబద్ధం, రాసుకోండి. టొమాటోకి దిష్టి తగిలిందొదినా, మీ కుడివైపు అపార్ట్‌మెంట్లో ఆవిడ కళ్ళు మంచివి కావు అంది. ఇంటికెళ్ళి పోయినేటి మట్టలాదివారం నాటి మంత్రించిన ఆలివ్ ఆకులు తెచ్చి, నిప్పుల మీద వేసి, బీరువాలో పెట్టి తలుపేసింది. లోపల నా మొక్కలు, నా జుల్బియేనా, మా అత్తగారి పెళ్ళిగౌను. అన్నిటికీ కలిపి పొగ. తలుపు తీసేసరికి నేనూ దగ్గుతున్నాను, లొన్జా దగ్గుతోంది, మొక్కలొక్కటే దగ్గలేదు, ఆ ఓపిక కూడా లేదు వాటికి.

ఇక అంతోనివారి మీద కోపం వచ్చింది. పోయిన తాళంచెవి వెతికిపెడతాడు, పోయిన మేకని వెతికిపెడతాడు, నాలుగు ఆకులు పెంచలేడా? మూడు రోజులు ఆయన బొమ్మని గోడవైపు తిప్పేశాను. అది కూడా పాపంలోకే వస్తుందేమో. వేసేసుకోండి. మళ్ళీ తిప్పి క్షమాపణ చెప్పాననుకోండి.

మధ్యలో నవ్వుకున్నా ఒకటి మాత్రం నిజం ఫాదర్ గారూ. రోజూ పొద్దున్నే లేసు అల్లే దిండు ముందు కూర్చునేదాన్ని. గుండుసూదులు తుప్పు పట్టాయి. దారం అక్కడే, జనవరిలో ఆగిన చోటే. రేవులో నిలబడి అడిగినప్పుడు నేను ఆమెకి గడువు పెట్టలేదు, ముప్ఫై రోజుల్లో ఇయ్యి అనలేదు. ఆమె ఇచ్చేసింది. నేను మాత్రం సాకులు చెప్తున్నాను. పక్కగదిలో ఆయన ఈల వేస్తుంటే ఆ ఈల వినడానికి కూడా నాకు సిగ్గుగా ఉండేది.

సరే. ఇక గురువారం. ఇప్పుడు దగ్గరికి రండి. చెవి ఇక్కడ పెట్టండి.

గురువారం పదిగంటలకి పీఠం అలంకరించే ఆడవాళ్ళు వస్తారని తెలుసు, ప్రతి ఏడూ వస్తారు పళ్ళేలకి. తొమ్మిదింటికే డబ్బాలు మంచం కిందకి తోసేద్దామనుకున్నాను. కానీ అపొస్తలుల రొట్టెలు పొయ్యిలో ఉన్నాయి, మాడతాయేమోనని అటు వెళ్ళాను. వీళ్ళు తొమ్మిదిన్నరకే దిగారు. నేను పిండి చేతులతో వచ్చేసరికి లొన్జా బీరువా తలుపు బార్లా తీసి, నాలుగు డబ్బాల్లో ఒకదాన్ని పైకెత్తి పట్టుకుంది. చుట్టూ ఐదుగురు.

"వదినా, ఇది టొమాటో కాదు," అంది. "ఈ ఆకుకి వేళ్ళున్నాయి."

ఐదుగురూ నా వంక చూశారు. పీఠం సంఘానికి పన్నెండేళ్ళుగా పెద్దని నేను. అప్పుడు నా నోరు, నన్ను అడక్కుండానే, చెప్పేసింది.

"సిసిలీ జుల్బియేనా. కొత్త రకం. ఆ వేళ్ళు మరియమాత చేతివేళ్ళు."

అవును. అవునండీ. అదే అన్నాను. పవిత్ర వారంలో, పొయ్యిలో అపొస్తలుల రొట్టెలు ఉండగా.

లొన్జా శిలువ గుర్తు వేసుకుంది. పాపం దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకావిడ ముద్దు పెట్టుకుంది ఆకుని. వద్దు, అవి పాడైపోయాయి, ఎదగలేదు అన్నాను. ఎదక్కపోయినా ఎంత లేతగా, ఎంత తెల్లగా ఉన్నాయొదినా అన్నారు. డబ్బాలకి తెల్ల పట్టు చుట్టారు. ఎత్తుకుపోయారు. నేను ఆపొచ్చు. ఒక్క మాట చాలు. పిండి చేతులతో గుమ్మంలో నిలబడి, జాగ్రత్త, తూలతాయి అని మాత్రం అన్నాను.

మిగతాది మీరు చేసిందే.

మీరు కాదా? గురువారం సాయంత్రం పూజకి ముందు పీఠం దగ్గరికి వచ్చి, అవి చూసి, గుడి చూసుకునే ఫ్రెడుని పిలిచి, ఇవి వెనకెందుకు పెట్టారు, ముందుకి తెండి, మందసానికి అటు రెండు ఇటు రెండు అని చెప్పింది ఎవరు? పూజ చివర ప్రకటనల్లో, ఈ ఏడు మన విస్తీనా సోదరి సిసిలీ నుంచి అరుదైన మొలక తెప్పించింది, వయసు మీదపడినా భక్తి ఎదుగుతూనే ఉంది అని చెప్పింది ఎవరు? గుడి మొత్తం నా వైపు తిరిగింది. తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

ధూపం వేశారు మీరు. ముందు మందసానికి, తర్వాత ఆ గాలి వాటంగా, వాటికి. ఒక గంట మోకాళ్ళ మీద ఉన్నారు, వాటి ముందే. మఠం పెద్దమ్మ గారు వచ్చి నా చెవిలో విత్తనాలడిగారు. ఈస్టరయ్యాక పంపిస్తానన్నాను. అది రెండో అబద్ధమో, మూడోదో. కాకపోతే అబద్ధమో, మాట ఇవ్వడమో నాకే తేలడంలేదు.

దగ్గు వస్తోందా? నీళ్ళు తెమ్మంటారా? సరే, సరే. కానియ్యండి.

శుక్రవారం పొద్దున ఏడింటికి నా వంతు కాపలా ప్రార్థన. వచ్చి కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే, నాలుగూ తిరిగాయి. రాత్రి వాలిపోయి ఉన్నవి, నిటారుగా లేచి, ఆకులు చాపి, మందసం వైపు వంగి ఉన్నాయి. అంచుల్లో లేత పచ్చన.

మోకాళ్ళ మీద పడిపోయాను. అమ్మా, అద్భుతం చేశావు అనుకున్నాను. పది మంగళవార్త జపాలు చెప్పాక గమనించాను, మందసం చుట్టూ పండుగ పెట్టెలోంచి తీసిన బల్బులు. గురువారం మధ్యాహ్నం నుంచి ఆర్పలేదు. నూరో, నూట యాభయ్యో. పైన రంగుటద్దాల్లోంచి పొద్దు.

వెలుగు, ఫాదర్ గారూ. వాటికి కావలసింది అంతే.

ఆరున్నర వారాలు డబ్బాని తిట్టాను, బావిని తిట్టాను, పక్కింటావిడ కళ్ళని తిట్టాను, అంతోనివారిని గోడకి తిప్పాను. వాటిని చీకట్లో పెట్టి తలుపేసింది నేను. పచ్చబడుతుంటే భయపడి సందులు మూసింది నేను. నాకొచ్చిన ఒకే ఒక విద్య వాటికి జబ్బైపోయింది. నలభై ఒక్క ఏళ్ళుగా తెల్లగా ఉంటేనే అందం అని నేర్చుకున్న కంటికి, పచ్చన కనబడితే తప్పనిపించింది. ఆమె నాతో మాట్లాడలేదు, చూపించింది. తన కొడుకు మందసం పక్కన పెట్టి మరీ చూపించింది. దాన్ని అద్భుతమంటే ఏం తప్పు, మీరు చెప్పండి?

అయిపోలేదు. పాపసంకీర్తనం అంటే మొత్తం చెప్పాలి కదా.

నిన్న ఆరాధన అయ్యాక ఫ్రెడు, ప్రతి ఏడూ చేసినట్టే, సెపుల్క్రు పళ్ళేలన్నీ బండి మీద వేసుకుని మీ ఇంటి పెరట్లో పెట్టాడు. ఈస్టరయ్యాక పారేస్తాడు. ఇవాళ పొద్దున మీ గేటు సందులోంచి చూశాను. క్షమించండి, అదీ పాపమే. నాలుగు డబ్బాలూ గోడవారన ఉన్నాయి, పట్టు ఎవరో విప్పేశారు. ఎండ నేరుగా పడుతోంది. పచ్చగా, ఫాదర్ గారూ. నిన్నటికీ ఇవాళ్టికీ రెండు కొత్త ఆకులు. నేను గేటు పట్టుకుని ఏడ్చాను. తీసుకుపోదామనే వచ్చాను, బుట్ట కూడా తెచ్చాను. కానీ ఎక్కడికి తీసుకుపోను? మళ్ళీ బీరువాలోకా?

మీ పెరటి గోడ రెండు నిలువులు. మీ ముందటి ఫాదర్ గారు అత్తిపళ్ళు ఎవరో కోసుకుపోతున్నారని కట్టించారు. ఏ కిటికీ నుంచీ కనబడదు, నేను అన్ని వైపుల నుంచీ చూసొచ్చాను. సాయంత్రం ఐదుదాకా ఎండ. ఇంటికి నాలుగు మొక్కలు, మీ ఇంట్లో ఇంకేం లేవు. చట్టం కూడా సరిపోయింది.

కంగారు పడకండి. మిమ్మల్ని ఏమీ చెయ్యమనట్లేదు. పారెయ్యొద్దని ఫ్రెడుకి ఒక మాట చెప్పండి, చాలు. ఎందుకని అడిగితే సిసిలీ రకం అనండి. అది కూడా చెప్పక్కర్లేదు, మీరు చెప్తే అబద్ధమవుతుంది. వాడు ఎటూ అడగడు.

రెండ్రోజులకోసారి ఒక గ్లాసు నీళ్ళు. వాన నీళ్ళైతే మంచిది. మీ పనమ్మాయి పోస్తుంది, పార్స్లీ అనుకుంటుంది. జూన్ మొదటికి నేనొచ్చి తీసుకుపోతాను, బుట్ట మీద తెల్ల గుడ్డ కప్పుకుని.

పోలీసులకా? మీరా? అదెలా చెప్తారండీ? ఇక్కడ నేను చెప్పింది మీరు బయట చెప్పడానికి లేదు, మరణాంతం లేదు, బిషప్ గారు అడిగినా లేదు. నాకు తెలుసు. ఈ పెట్టెలో చెప్పింది ఈ పెట్టెలోనే ఉంటుందని, తొమ్మిదేళ్ళ వయసులో, మా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, మీకు నేర్పింది నేనే. అందుకే కదండీ ఇవాళ వరసలో ముందు నిలబడ్డాను. మీ ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చెప్పి ఉంటే మీకు ఇబ్బంది అయ్యేది.

పశ్చాత్తాపమా? ఉంది. అబద్ధాలకి ఉంది. లొన్జా కళ్ళలో నీళ్ళు చూసినప్పటి నుంచీ ఉంది. మిమ్మల్ని మోకాళ్ళ మీద వాటి ముందు ఉంచినందుకు కొంచెం ఉంది. మొక్కల విషయంలో లేదు, లేనిది ఉందని చెప్తే ఇంకో అబద్ధం అవుతుంది.

ఏం వేశారు ప్రాయశ్చిత్తం? గట్టిగా చెప్పండి, నాకు ఆ చెవి మందం.

జపమాలలా? పదిహేనా? మొత్తం?

వెయ్యండి, నాకు తగినదే. కానీ జపమాల తిప్పాలంటే పూసని పట్టుకోవాలి కదండీ, ఫాదర్ గారూ. పూస పట్టుకోవాలంటే వేళ్ళు వంగాలి. జూన్ దాకా ఆగాల్సిందే.